మారియమ్మ నమ్మిన రోజు

మా వీధిలో మారియమ్మ సంగతి అడిగితే ఎవరైనా ముందు గ్యాసు సిలిండరు కథే చెబుతారు. తెచ్చిన మనిషి దాన్ని భుజం మీది నుంచి దించకముందే ఆమె కొక్కెం తూకం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. సీలు చూస్తుంది, తూకం వేస్తుంది, ఖాళీ సిలిండరు బరువు తీసేసి వేళ్ల మీద లెక్క కడుతుంది. రేషను బియ్యం ఇంటికి తెచ్చి మళ్లీ తూస్తుంది. చర్చిలో పాస్టరు కళ్లు మూసుకోమంటే అందరూ రెండూ మూసుకుంటారు, ఆమె ఒకటే మూస్తుంది. ఎందుకని అడిగితే, "అందురూ మూసుకుంటే చెప్పులు చూసేదెవురు?" అంటుంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ భూతం మా వీధిలోనే కాపురం ఉంటోందని నేను ఆమెను ఆటపట్టించేవాణ్ణి.

మాది తమిళనాడులోని గుడియాత్తంలో కౌండిన్య ఏటి గట్టును ఆనుకున్న వీధి. నలభై ఆరు ఇళ్లు. నేను కైలీలు, అదే లుంగీలు, నేస్తాను. మా పక్కిల్లే మారియమ్మది. ఆమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. భర్త సామ్యుల్ తాపీమేస్త్రి, పరంజా మీది నుంచి పడి నడుము విరిగి ఏడేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. ఇక లేవడని డాక్టరు చెబితే ఆమె నమ్మలేదు. ఇంకో ముగ్గురికి చూపించింది. ముగ్గురూ అదే మాట చెప్పాక గానీ మంచానికి కొత్త నవారు అల్లించలేదు.

2021 నవంబరులో ఏరు మా వీధిలోకి వచ్చింది. పొద్దున పదిగంటల వేళ ఎవరూ చెప్పకుండానే వచ్చింది. సామ్యుల్‌ను బయటికి తేవడానికి సమయం చాలలేదు. మేం నలుగురం అతణ్ణి మంచంతో సహా భుజాలకెత్తుకుని ఆ ఇంట్లోనే రెండు గంటలు నిలబడ్డాం. నీళ్లు నా రొమ్ముదాకా వచ్చాయి. పైన సామ్యుల్ కీర్తనలు పాడుతున్నాడు, కింద మా కాళ్లు వణుకుతున్నాయి. ఇంకొక్క అడుగు పెరిగి ఉంటే మంచం వదిలేసేవాళ్లమేమో. ఆ మాట తలచుకుంటే ఈనాటికీ నాకు భయం వేస్తుంది. అంత గందరగోళంలోనూ మారియమ్మ ఒక మేకు తీసుకుని, నీళ్లు తాకిన చోట గోడ మీద గీత గీసింది. ఇదేం పనని నేను కసిరితే, "రేపు ఎవురన్నా నమ్ముతారా?" అంది.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. కాగితం పట్టుకుని ఎవరు వచ్చినా సరే, జవాబు ముందుగా రాఘవులు టీకొట్లో తయారవుతుంది. రాఘవులు మా అందరికీ పెద్ద. అతను ఖాయం చేసిన మాటే నలభై ఆరు నోళ్లూ చెప్పాలి. నష్టం రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు గొంతుదాకా వచ్చాయని చెప్పమన్నాడు. నేను నెత్తి మీదికి వచ్చాయన్నాను. మగ్గం గుంటలో నిలబడితే నా నెత్తి మీదికే కదా, అది పూర్తి అబద్ధం కాదు. మారియమ్మ ఒక్కతే ఆ గీత చూపించి ఇంతే అంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మూడేళ్ల తరువాత రంజిత వచ్చింది. వేలూరులో ఒక కాలేజీలో పరిశోధన చేసే అమ్మాయి. తిరువలం దగ్గర భూమి ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. కొండల్లో ఎంత వాన పడితే, ఏటికి ఎగువనున్న డ్యాం నుంచి ఎన్ని నీళ్లు వదిలితే, ఏ వీధికి ఎంతసేపట్లో ఎంత ఎత్తు వస్తాయో లెక్కకట్టి మ్యాపు తయారు చేస్తున్నారట. అందుకు పోయినసారి ఏ ఇంటికి ఎంత వచ్చాయో ఇల్లిల్లూ అడగాలి. మా ఇళ్లలో తెలుగు వినిపించేసరికి ఆ పిల్ల మొహం విప్పారింది. మారియమ్మ మొహం మాత్రం ముడుచుకుంది. "తెలుగు మాట్లాడి లోపలికి వచ్చే రకం," అని నా చెవిలో గొణిగింది.

"నీకు జీతమెవురిస్తారమ్మా?" అని మొదలుపెట్టింది.

"కాలేజీ ఇస్తాదక్కా."

"కాలేజీకి?"

"ఢిల్లీ నుంచి వస్తాది."

"మా ఇంట్లోకి నీళ్లెంత వచ్చినాయో ఢిల్లీవాళ్లకు ఎందుకు?"

రంజిత ఓపిగ్గా చెప్పింది. మ్యాపులో ఎర్రరంగు పడిన వీధులకు నీళ్లు వచ్చేముందే ఫోను వస్తుంది, మైకు కట్టిన ఆటో వస్తుంది. మారియమ్మ అంతా విని ఒకే మాట అడిగింది. "ఈ మ్యాపు చూసి మా ఇండ్లు పడగొట్టరని ఏసుప్రభువు మీద ఒట్టెయ్యి."

ఆ పిల్ల రాసుకునే కాగితం పక్కన పెట్టింది. "వెయ్యలేనక్కా. మ్యాపు చేసిచ్చేది మేము. అది ఎవురి చేతికి పోతాదో, వాళ్లేం చేస్తారో నాకు తెలీదు," అంది.

ఒట్టు వేసి ఉంటే ఆ పిల్ల దొంగ అని మారియమ్మ తేల్చేసి ఊరుకునేది. వెయ్యనన్నందుకు ఇంకా భయపడింది. ఆ సాయంత్రం టీకొట్లో రాఘవులు తేల్చేశాడు. "ఎర్ర రంగు పడితే మనల్ని ఎత్తి ఊరవతల పారేస్తారు. నీళ్లు జానెడే వచ్చినాయి. అందురూ అదే చెప్పండి."

మర్నాడు రంజిత కొలకర్ర పట్టుకుని వచ్చేసరికి మారియమ్మ గోడ తెల్లగా మెరిసిపోతోంది. సున్నం ఇంకా తడిగానే ఉంది. "జానెడమ్మా," అంది మారియమ్మ. ఆ పిల్ల గోడవైపు చూసింది, మంచంలోని సామ్యుల్‌వైపు చూసింది. "ఉణ్మైయాక్కా? నిజమేనా?" అని తమిళంలోనూ తెలుగులోనూ అడిగి, చెప్పిందే రాసుకుని వెళ్లిపోయింది. నేనూ జానెడే చెప్పాను.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు నేను మగ్గం మీద ఉండగా మారియమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అన్నా, నా మాట వాళ్లు నమ్మేసినారంటావా?"

"నమ్మే ఉంటారు."

"ఎట్ల నమ్ముతారు? నేనైతే నమ్మను."

ఇంతకాలం ఊరందరినీ అనుమానించిన మనిషి ఇప్పుడు తన మాటనే అనుమానిస్తోంది. తిండి సహించడం లేదంది. మ్యాపు తన కళ్లతో చూస్తే గానీ కుదరదని, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, తోడుగా నన్ను లాక్కుని వేలూరు బస్సెక్కింది.

కాలేజీలో రంజితా, ఆమెకు పై సారు కృష్ణన్ గారూ మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఏటి పక్క వీధులన్నీ ఎర్రగా ఉన్నాయి. మధ్యలో మా వీధి ఒక్కటే పచ్చగా ఉంది. ఏరు మా వీధి మొదటికి వచ్చి, చెప్పులు విడిచి, దండం పెట్టి, పక్క వీధిలోకి వెళ్లిపోయినట్టు ఉంది.

"మీ వీధే పక్కదాని కంటే పల్లంలో ఉండాది," అంది రంజిత. "పైగా నలభై ఆరిండ్లలోనూ జానెడే అన్నారు. ఒకరన్నా బెత్తెడు ఎక్కువా తక్కువా చెప్పలేదు. నాకు ఆ పొద్దే అనుమానం వచ్చినాది."

"అనుమానముంటే మార్చలేదేంది?" మారియమ్మ గయ్యిమంది.

కృష్ణన్ గారు నవ్వలేదు. "అనుమానం మాకు రోజూ వస్తాదమ్మా. దాన్ని పట్టుకుని అంకె మార్చితే అది పరిశోధన కాదు. గుర్తు కావాల. గుర్తు దొరికేదాకా మీరు చెప్పిందే లెక్క."

మారియమ్మ ఆయన్ని తలెత్తి చూసింది. తూకం పట్టుకుని నిలబడే మనుషులు ఇంకా ఉన్నారని ఆమెకు మొదటిసారి తెలిసిందనుకుంటాను.

"ఫోను ఎంత ముందుగా వస్తాది?"

"మూడు గంటలు."

"పచ్చ వీధికి?"

"రాదు."

సామ్యుల్‌ను బయటికి తేవాలంటే నలుగురు మనుషులు, అరగంట కావాలి. మూడు గంటలుంటే సాధ్యం. లేకపోతే మళ్లీ మా భుజాలే. నాకిప్పుడు అరవై ఒకటి, కుడి భుజం పైకి లేవడం లేదు. ఆమె నా భుజంవైపు చూసింది. తిరుగు బస్సులో నేను పిరికితనంతోనే అన్నాను. "చెప్తే ఇల్లు పోతాది మారియమ్మా."

ఇంటికి రాగానే ఆమె అట్లకాడ తీసుకుని సున్నం గీకడం మొదలుపెట్టింది. రంజితను పిలిపించింది. గీత బయటపడింది, నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. ఆ పిల్ల టేపు పట్టి ఫొటో తీసుకుంది. తరువాత ఇంకో మూడిళ్లు నిజం ఒప్పుకున్నాయి. అందులో ఒకటి నాది. గొప్పకు చెప్పడం లేదు, పక్కింట్లో నాలుగడుగులుండి నా ఇంట్లో జానెడంటే జనం నవ్వుతారు. నెల తిరక్కుండా మా వీధి ఎర్రబడింది.

రాఘవులు ఆమెకు టీ పొయ్యడం మానేశాడు. కొళాయి దగ్గర ఆమె బిందెను వెనక్కి నెట్టారు. వీధిని అమ్మేసిందన్నారు. కాలేజీ పిల్ల ఏమిచ్చిందని మొహం మీదే అడిగారు. ఆమె ఏడవడం ఆ నెలలో ఒకసారి నేను చూశాను. చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాను. అందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

మరుసటి డిసెంబరులో ఒక మధ్యాహ్నం వీధిలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. డ్యాం నుంచి ఏటికి నీళ్లు వదిలారు, మెరక మీది బడికి వెళ్లండి అని రికార్డు గొంతు. వెనకే మైకు ఆటో వచ్చింది. బయట చూస్తే ఎండ కాస్తోంది, ఏట్లో మోకాలి నీళ్లు. రాఘవులు వీధి నడుమ నిలబడి అరిచాడు. "నాటకం ఇదంతా! ఇండ్లు ఖాళీ చేయించి మళ్లా రానియ్యరు. ఎవురూ కదలొద్దు!"

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. కానీ పైకి చెప్పకుండానే అందరూ మారియమ్మ ఇంటివైపే చూస్తున్నారు.

ఆమె ఆటోవాణ్ణి పట్టుకుంది. నీకు ఎవురు చెప్పినారు, ఎన్ని గేట్లు తీసినారు, ఎన్ని గంటలకు తీసినారు అని అడిగింది. వాడికి తెలిసింది సగమే. రంజితకు ఫోను చేసి అవే ప్రశ్నలు అడిగింది. నమ్మక కృష్ణన్ గారికి చేసి మళ్లీ అడిగింది. మూడు జవాబులూ కలిశాయి. ఫోను జాకెట్లో దోపుకుని మావైపు తిరిగింది.

"అన్నా, వచ్చి మంచం పట్టండి."

అంతే. గ్యాసు సిలిండరును నమ్మని మనిషి, డాక్టరును నమ్మని మనిషి, దేవుడి ముందు ఒక కన్ను తెరిచి ఉంచే మనిషి బయలుదేరిందంటే ఇక నమ్మకపోవడానికి ఏముంది? మొదట మూట కట్టుకుని బయటికి వచ్చింది రాఘవులు భార్యే. పది నిమిషాల్లో వీధంతా కదిలింది. మంచం మూడు కోళ్లు మగవాళ్లం పట్టాం, నాలుగో కోడు మారియమ్మ పట్టింది. బడి మిద్దె మీది నుంచి చూస్తుండగా మూడున్నరకు ఏరు వచ్చింది. ఈసారి నా గుమ్మం పైపట్టెదాకా వచ్చింది. మనుషులు నలభై ఆరిళ్లవాళ్లూ దక్కారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఫిబ్రవరిలో ఇద్దరు మనుషులు వచ్చి మా తలుపుల మీద సుద్దముక్కతో నంబర్లు వేశారు. దేనికో చెప్పలేదు. ఇప్పటికీ మాకు తెలియదు. ఇళ్లు పడగొడతారన్న మారియమ్మ అనుమానం ఒట్టిదేనని రాయాలని ఉంది నాకు, రాయలేను.

ఆ రోజు రాఘవులు వాళ్లను మారియమ్మ గుమ్మం దాకా వెంటబెట్టుకొచ్చాడు. "చూడు, నీ మ్యాపు ఇంటికే వచ్చినాది. ఇప్పుడేమంటావు?"

ఆమె ముందు సుద్దవాడి గుర్తింపు కార్డు అడిగి తీసుకుంది. పేరు చదివించుకుంది, పంపిందెవరో అడిగింది. వేయమంటే వేస్తున్నానన్నాడు వాడు. అప్పుడు రాఘవులువైపు తిరిగింది.

"ఇంటి కోసరం కొట్లాడతా అన్నా. నువ్వూ రా, కలిసి కొట్లాడదాం. మంచంలో ఉండే ఆయప్ప నీళ్లలో పోయుంటే ఎవురితో కొట్లాడేదాన్ని?"

లోపలి నుంచి ఎవరొచ్చారని సామ్యుల్ అరిచాడు. చెప్పడానికి ఆమె లోపలికి వెళ్లింది.