ఆఖరి స్తంభం దగ్గర మోటారు

1967లో నాయుడుపేట దగ్గర సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్ని. పెద్ద లైన్లో వచ్చే కరెంటుని తగ్గించి ఊళ్ళకి పంచే చోటే సబ్‌స్టేషన్. మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి, వరికీ గడ్డికీ తేడా తెలీదు. కరెంటు సంగతి మాత్రం ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. టెలిఫోన్ ఎప్పుడూ చేతిలోనే. పైనుంచి "ఫీడర్ ఆపు" అంటారు, ఊళ్ళనుంచి "కరెంటేదీ" అంటారు. ఫీడరంటే ఊళ్ళకి పోయే లైను. ఇద్దరిమీదా అరిచేవాణ్ణి.

ఓడల్లో వచ్చే గోధుమల కోసం దేశమంతా ఎదురుచూసే రోజులవి. ఇక్కడ తీరంలో ఇసక నేల, కాస్త లోతుకే నీళ్ళు తగుల్తాయి. బోరు దించి మోటారు పెట్టుకుంటే రెండో పంట ఖాయం. అందుకే స్తంభాలు పాతినచోటల్లా మోటార్లు లేచినాయి.

ఆ ఏడు ఎండాకాలం ఒక ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నన్ను చంపుకు తినింది. కరెంటు కోత అయిపోయి ఫీడర్ వెయ్యగానే ఫోను: "ఫ్యూజు పోయింది!" లైన్‌మన్ మస్తాన్ పోయి కొత్త తీగ కట్టి వస్తాడు. మర్నాడు మళ్ళీ అదే.

ఒకరోజు పొద్దున్నే పెంచలమ్మ అనే ఆవిడ నడుచుకుంటూ సబ్‌స్టేషన్‌కే వచ్చేసింది. మొగుడు పోయాక సొంతంగా సేద్యం చేసుకుంటోంది. ఆమె మోటారు ఆ ఊరి లైన్లో ఆఖరి స్తంభం దగ్గర.

"సామీ, పైరు పొట్టమీదుండాది, ఎన్ను తీసే అదును. నేల నెర్రెలిచ్చింది. రేపటికి తడి పెట్టకపోతే గింజ పట్టదు, అంతా తాలే."

"ఫ్యూజు పోగొట్టేది మీ ఊరోళ్ళే కదమ్మా! నన్నేం చెయ్యమంటారు?"

"అరస్తా ఉంటే మడి తడిసేటట్టయితే, నేనూ అరిచేదాన్నే. గొంతుకేం తక్కువ నాకు?"

మస్తాన్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వినాడు. నాకు మండింది. డ్యూటీ దిగగానే మస్తాన్‌ని తీసుకుని సైకిల్ మీద ఆ ఊరికి పోయినాను.

మొదటి మోటారు షెడ్డు సుబ్బారెడ్డిగారిది. ఊళ్ళో పెద్ద మోటారు ఆయనదే. స్టార్టర్ మూత తీసి చూస్తే లోపల వేపపుల్ల బిగించి ఉంది! కరెంటు పోతే స్టార్టర్ దానంతటదే విడిపోవాలి, వచ్చినాక మనిషి పోయి బటన్ నొక్కాలి. పుల్ల పెడితే విడిపోదు. రైతు ఇంట్లో కూర్చున్నా, కరెంటు రాగానే మోటారు తిరుగుద్ది. పక్క షెడ్డులోనూ పుల్లే. ఆ పక్కదాంట్లోనూ పుల్లే.

నాకు విషయం అర్థమైపోయింది. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుద్ది. నేను ఫీడర్ వెయ్యగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి లాగితే ఫ్యూజు ఉంటుందా? ఫ్యూజు నిలిచిన రోజు కూడా లైను ఆఖర్న పెంచలమ్మ మోటారుకి ఓల్టేజీ చాలదు. మూలుగుద్ది, తిరగదు.

పుల్లలన్నీ పీకేసినాను. సుబ్బారెడ్డిగారు పరిగెత్తుకొచ్చినాడు.

"ఏమయ్యా, నా మోటారు, నా పుల్ల. నీకేంది?"

"ట్రాన్స్‌ఫార్మర్ మీ ఒక్కరిదా రెడ్డిగారూ?"

"మీ సబ్‌స్టేషన్‌కి ఫోన్ కొడతా. నీ సంగతి చెప్తా."

"కొట్టండి. అక్కడ ఎత్తేది నేనే."

చుట్టూ చేరినోళ్ళు గొల్లుమన్నారు. ఆయన ఇంకా ఎర్రబడినాడు. నేను తగ్గలా. మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ఫ్యూజు ఎందుకు పోతోందో అందరికీ చెప్పి, ఆయన్నే అడిగినాను.

"మీ చెరువు నీళ్ళకి వంతు ఉందా, లేదా?"

"లేకపోతే తలకాయలు పగలవా?"

"మరి కరెంటుకెందుకు లేదు?"

"చెరువు మాది. కరెంటు గవర్నమెంటుది."

గుంపులోంచి పెంచలమ్మ ముందుకొచ్చింది. "గవర్నమెంటు పైరు కాదు గదా అన్నా, ఎండేది మన పైరే. చెరువులో నీళ్ళు తక్కువైతే ముందు చివరి మడికే గదా మనం వదిలేది? దీనికీ అట్నే పెట్టు."

"ముందు నీకా?"

"నాకే. నీ పెద్ద మోటారు ఆఖర్న లేచినా నీకు నీళ్ళు దండిగా వస్తాయి."

అందరూ రెడ్డిగారి మొహం చూస్తున్నారు. ఆయన తలపాగా విప్పి దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. "కానీండిరా," అన్నాడు.

మస్తాన్ ఫ్యూజు కట్టి స్విచ్ వేసినాడు. ఫ్యూజు నిలిచింది. పెంచలమ్మ బటన్ నొక్కింది. మోటారు ఒక్క క్షణం మూలిగి, గిర్రున అందుకుంది. పైపులోంచి ముందు ఇసక, తర్వాత బురద, తర్వాత తెల్లగా నీళ్ళు. ఆమె కేక పెడితే పక్క చేనాయన నొక్కినాడు, ఆయన కేకకి ఇంకొకాయన. కేకలు పొలాలమీదుగా పోయి పోయి రెడ్డిగారి షెడ్డు చేరినాయి. ఆయన మోటారు కూడా లేచింది. ఫ్యూజు కదల్లేదు.

నెర్రెల్లోకి నీళ్ళు గుటకలేస్తున్నట్టు దిగినాయి. కోతలప్పుడు పెంచలమ్మ కళ్ళానికి పోయినాను. చేటతో తూర్పారబడతా ఉంటే గింజలు బరువుగా కిందికే రాలినాయి. గాలికి కొట్టుకుపోయిన తాలు ఎంతో లేదు.

ఆనకట్టలు కట్టాలి, స్తంభాలు పాతాలి, కరెంటు తయారుచెయ్యాలి. అవన్నీ చేసే దేశమే మనది, చేస్తుంది. కానీ పంచుకునే పద్ధతి కూడా కరెంటుతోపాటే ఊళ్ళోకి పోవాలి. చెరువుకి పద్ధతి పెట్టుకున్న రైతుకి అది కొత్త విద్య కాదు, చెప్తే చాలు. ఇప్పుడు ఏ ఊరికి కొత్త లైను ఇచ్చినా, సబ్‌స్టేషన్‌లో మీటరు చూసి పని అయిపోయిందనుకోను. ఆఖరి మోటారు నీళ్ళు పోసిందాకా అక్కడే నిలబడతాను.