తగ్గిందన్న మాట

సింహాద్రి చేపలరేవులో సరంగు. మరబోటు నడిపేవాణ్ణి అక్కడ అలా పిలుస్తారు. రొయ్య ఎక్కడుందో పసిగట్టడంలో అతని కన్నా గట్టివాళ్లు ఉన్నారు గాని, వల దించాక స్టీరింగు పట్టడంలో అతనికి సాటి తక్కువ. అడుగున వల రాయికి తగలబోతుంటే ఇంజను గొంతు కొద్దిగా బరువెక్కుతుంది. అది అతని చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసేది. అందుకే వల నీళ్లలో ఉన్నంతసేపూ స్టీరింగు ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

తొంభై ఏడు వేసవిలో విరేచనంలో నెత్తురు కనబడింది. వేడి చేసిందనుకున్నాడు. సబ్జా గింజలు తాగాడు, మజ్జిగన్నం తిన్నాడు, ఎండుచేపలు మానేశాడు. లాభం లేకపోయింది. గాజువాక దారిలో బోర్డు పెట్టుకున్న ఒక వైద్యుడు సరిగా చూడకుండానే మొలలన్నాడు, ఏదో పూతమందు ఇచ్చాడు. నెత్తురు ఆగలేదు సరికదా, కడుపు మెలిపెట్టిందంటే క్షణం ఆగలేని పరిస్థితి వచ్చింది. బోటులో మరుగుదొడ్డి ఉండదు. వెనకంచున తాడు పట్టుకుని కూర్చోవాలి, బోటులో పనిచేసే కళాసీలంతా ఉండగానే. దాంతో వేటకు వెళ్లేముందు అన్నమే మానేసేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. ఎవరో చేతబడి చేశారని, చిల్లంగి పెట్టారని భార్య దేముడమ్మ ఏడ్చేది. అతను మాత్రం కేన్సరే అనుకున్నాడు, పైకి అనలేదు.

చివరికి దేముడమ్మే ఆసుపత్రికి లాక్కెళ్లింది. గొట్టం వేసి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇది మొలలు కాదు, కేన్సరూ కాదు, పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడ్డాయి, దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని డాక్టరమ్మ చెప్పింది. కేన్సర్ కాదన్న దగ్గరే సింహాద్రి వినడం ఆగిపోయింది. మిగతాది దేముడమ్మ విన్నది గాని ఆమెకు సగమే అర్థమైంది. మాత్రలతో నెత్తురు ఆగింది, ఒళ్లు వచ్చింది. తర్వాత చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ "బాగా తగ్గింది" అని, మళ్లీ మాత్రలు రాసింది.

మన వాడుకలో జ్వరం తగ్గిందంటే పోయిందనే. తగ్గాక కూడా మందు మింగేవాణ్ణి వింతగా చూస్తాం. సింహాద్రి మళ్లీ మందుల షాపు మెట్లెక్కలేదు.

ఆ చలికాలం, రేవుకు చాలా దూరాన, వల నీళ్లలో ఉండగా కడుపు మెలిపెట్టింది. పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ఇక కాదనిపించి స్టీరింగును తాడుతో కట్టేసి వెనక్కి పరుగెత్తాడు. అంతా నెత్తురే. లేవబోతే కళ్లు తిరిగాయి. అప్పుడే ఇంజను గొంతు మారింది. తెలిసీ లేవలేకపోయాడు. వల రాతికి పట్టేసింది, బోటు వెనకభాగం కుంగి అల లోపలికి ఎక్కింది. అదే బోటులో కళాసీగా ఉన్న దేముడమ్మ తమ్ముడు నూకాలు గొడ్డలి అందుకుని వల తాడు నరికాడు. వల పోయింది, మనుషులు మిగిలారు. నూకాలే తడబడుతూ బోటును రేవుకు చేర్చాడు.

"మాత్రలెందుకు ఆపేశారు?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"తగ్గీసిందని మీరే సెప్పినారు గదమ్మా. తగ్గినాక ఇంకేటికి?"

"తగ్గిందన్నాను. పోయిందనలేదు," అంది డాక్టరమ్మ. ఈసారి నెమ్మదిగా, అతన్నీ దేముడమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే పొరబడి సొంత పేగు మీద పడుతోంది. ఎందుకలా అవుతుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. చిల్లంగి వల్ల కాదు, ఎండుచేపల వల్లా కాదు. మాత్ర దాన్ని అణిచి ఉంచుతుంది, బాగున్న రోజుల్లోనూ వేసుకోవాలి. అయినా ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు. ఏళ్లు గడిస్తే కేన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, కాబట్టి గొట్టం పరీక్ష మళ్లీ చేయిస్తూ ఉండాలి.

"మరి యేటకెళ్లొచ్చా అమ్మా?"

"ఒళ్లు కుదుటపడ్డాక వెళ్లండి. బోటు మీద ఉండగా తిరగబెట్టదని మాత్రం మాట ఇవ్వలేను."

ఆ మాటతోనే రేవుకు వచ్చాడు. బోటు యజమాని చలమయ్య అప్పటికే వేరే సరంగు కోసం అడుగుతున్నాడు.

"నీ కడుపు మెలిపెట్టినప్పుడల్లా నా బోటు ములిగిపోవాలేటి?" అన్నాడు చలమయ్య, కళాసీలందరి ముందే.

సింహాద్రి తల దించుకోలేదు. ఇన్నాళ్లు దాచిన రోగం పేరు, నెత్తురు సంగతి, అందరూ వింటుండగా చెప్పాడు. "నూకాలుకి స్టీరింగు నేర్పుతాను. కడుపు మెలిపెడితే ఆడికిచ్చీసి ఎలతాను. వల పడీసి మాత్రం పోను."

చలమయ్య చాలాసేపు నసిగి ఒక్క వేటకు ఒప్పుకున్నాడు.

ఒళ్లు కాస్త కుదుటపడ్డాక నూకాలును దగ్గరి నీళ్లలో తిప్పి నేర్పాడు. ముందు చెప్పులు విప్పించాడు.

"నీ కడుపు సల్లగుండ బావా, నీ రోగంతో నాకు పనొచ్చింది," అని నూకాలు నవ్వాడు. సింహాద్రి నవ్వలేదు, "కాళ్లని ఇనమను, నోరు ముయ్యి," అన్నాడు.

చలమయ్య ఒప్పుకున్న ఆ వేటలో, సముద్రం మీద ఉన్నన్నాళ్లూ రోజూ మాత్ర మింగి, తన కడుపు తానే వింటూ నిలబడ్డాడు. ఒక ఉదయం వల దించిన కాసేపటికి పొత్తికడుపులో ఏదో కదిలింది. రోగమో, రాత్రి తిన్న పులుసో తెలియలేదు. తెలిసేదాకా ఆగకూడదనుకుని నూకాలును పిలిచి స్టీరింగు చేతికిచ్చాడు.

వెనకంచున ఈసారి నెత్తురు కనబడలేదు. మళ్లీ చూశాడు, లేదు. వచ్చి స్టీరింగు కోసం చెయ్యి చాపాడు.

"కూకో బావా. వల బాగానే నడస్తంది," అన్నాడు నూకాలు, ముందుకే చూస్తూ.

సింహాద్రి కూర్చోలేదు. పక్కనే నిలబడ్డాడు, స్టీరింగు మాత్రం మళ్లీ అడగలేదు.