అభ్యంతరం చెప్పిన అయ్యగారు

మా అయ్యగారు పోయారని ఆయన భార్య, మా అమ్మగారు, ఫోన్ చేసినప్పుడు నేను మిరపచేలో ఉన్నాను. మార్కాపురం ఆస్పత్రి నుంచి తెచ్చేస్తున్నారట.

పుల్లలచెరువు దగ్గర మా ఊళ్లో చిన్న చర్చికి ఆయన పాస్టరు. గొప్ప ప్రసంగీకుడేం కాదు. పాటెత్తుకుంటే శ్రుతి కుదిరేది కాదు, ఆ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. ఎవరింటికి వెళ్లినా ముందు నీళ్ల బిందెలోకి తొంగిచూసేవారు. అడుగంటి ఉంటే టీ వద్దనేవారు.

పిల్లలు లేరని నా భర్త నన్ను అదే ఊళ్లోని పుట్టింటికి పంపేసి, రెండో పెళ్లి కుదుర్చుకున్నాడు. మా మామ సంఘ పెద్ద, చర్చికి స్లాబు వేయించినవాడు. పెళ్లికి ముందు ఆదివారం ఆరాధనలో ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడగడం మా చర్చిలో ఆనవాయితీ.

అయ్యగారు చదివారు. "ఎవరికన్నా అభ్యంతరముందా?" అని అడిగారు. ఆడవాళ్ల వెనక గోడకు ఆనుకుని ఉన్న నాకు నోరు పెగల్లేదు. అందరూ తలలు వంచుకున్నారు. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత వేదిక దిగొచ్చి, మగవాళ్ల చివర చాప మీద కూర్చుని, మామూలు విశ్వాసిలా చెయ్యెత్తారు.

"నాకుంది. ఆ పిల్ల బతికే ఉంది. ఈడనే నా చేతుల మీదగా ఆ పెళ్లి చేసినా. దేవుని ముందు పలికిన మాట ఎట్ల మింగేది?"

మా మామ లేచాడు. "నన్ను కాదంటే రేపు ఈ చర్చికొచ్చేదెవురయ్యా?"

"రాకపోతే రాకపోనీ పెద్దాయనా. రేపు ప్రభువు అడిగితే, జనమంతా ఒప్పుకున్నారని చెప్పి తప్పించుకోలేను గదా."

పెళ్లి వేరే ఊళ్లో జరిగిపోయింది. మామతో పాటు సగం మంది చర్చి వదిలి వెళ్లిపోయారు. కానుకలు పడక అయ్యగారు మిరప కోతలకు వచ్చేవారు. నా పక్క సాలులో కోస్తుంటే ఒకసారి అడిగాను, భయం వెయ్యలేదా అని.

"ఎందుకు వెయ్యలేదు? ఎవురో ఒకరు లేస్తారనుకున్నానమ్మా. ఒక్కరూ లేవలేదు చూడు, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నిద్రలో వినపడతది."

నాకూ వినపడుతుంది. ఎవరి పెళ్లి ప్రకటన చదివినా చెవులు మూసుకోవాలనిపిస్తుంది. నా కోసం ఒక మనిషి అంత పోగొట్టుకున్నాడంటే ఆ రుణం తీరేది కాదు, తలుచుకుంటే ఏడుపొస్తుంది.

భూస్థాపన రోజు వెళ్లిపోయినవాళ్లు కూడా చాలామంది వచ్చారు. పెట్టె మూసే ముందు ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. నా భర్త రెండో భార్య. ఆమెను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు అయ్యగారు నీ కోసమే అడ్డం పడినాడనుకున్నా అక్కా," అంది గొంతు తగ్గించి. "నాకూ పిల్లలు కాలేదు. ఇప్పుడు ఇంకో పిల్లను చూస్తన్నారు."

చర్చి గేటు బయట ఎండలో నా భర్త ఆమె కోసం బండి స్టార్ట్ చేసి ఉంచాడు. ఆమె లేవలేదు. పెట్టె మూసి బయటికి తీసుకెళ్తున్నా, ఆ బండి చప్పుడు అలా వినపడుతూనే ఉంది.