పదిహేడో కాగితానికి రెండు మార్కులు

లవీనాకు పద్నాలుగేళ్ళప్పుడు తుష్నాబాద్ చర్చిలో ఆమె రాసిన వ్యాసాన్ని కృపానందం పైకి చదివి సంఘాన్నంతా నవ్వించాడు. ఆడవాళ్ళు కూడా ప్రసంగం చెయ్యాలని ఆమె రాసింది. మూడు కారణాలు చూపింది. సండే స్కూలు పెద్ద కృపానందం గొంతు సన్నం చేసి, చేతులు తిప్పుతూ, ఒక్కో వాక్యం దగ్గర ఆగి జనం వైపు చూశాడు. "ఈ గుంటకి అభిప్రాయాలు కూడా ఉన్నాయంట," అన్నాడు చివర్న. అందరికంటే గట్టిగా నవ్వింది లవీనా తండ్రి.

తర్వాత ఆమెకు జెట్టీలో ఫెర్రీ టికెట్లు ఇచ్చే ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం కౌంటర్ మూశాక, చేతికందిన తెలుగు పుస్తకమల్లా చదివింది. ఆ చదువు ప్రేమతో మొదలైంది కాదు. తెలుగు గట్టిగా వచ్చినవాడన్న ఒక్క పేరుతో కృపానందం సంఘాన్ని ఏలుతున్నాడు. ఆ పేరు అతని దగ్గర మిగలనివ్వకూడదనుకుంది.

లవీనాకు ఇరవై రెండేళ్ళు వచ్చాక, కొత్త పాస్టరు గారు పిల్లల వ్యాసాలు దిద్దే పని ఆమెకు అప్పగించారు. విషయం: ఆరాధన తెలుగులోనే జరగాలా? అభిప్రాయం తేల్చి చెబితే నాలుగు మార్కులు, కారణం చూపితే నాలుగు, భాషకు రెండు. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పింది.

ఈ దీవిలో బడి చదువు హిందీలో. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే తడబడతారు. కొన్ని ఇళ్ళలో పెద్దలే రాసిస్తారు, పిల్లలు చూసి దించుతారు. రాజకుమారి అనే పిల్ల సొంతంగానే రాసింది. పాటలు తెలుగులో, ప్రసంగం హిందీలో ఉండాలని, తన తల్లి బెంగాలీ, ఆమెకు తెలుగు ప్రసంగం అర్థం కాదని వంకర అక్షరాలతో చెప్పింది. లవీనా ఎనిమిది వేసింది.

పదిహేడో కాగితంలో "పెద్దలు సెలవిచ్చిన రీతిగా", "అనాదిగా వచ్చుచున్నది గనుక" అని ఉంది. కృపానందం నోట వెయ్యిసార్లు విన్న మాటలు. పైన పేరు టీనా, అతని మనవరాలు. మూడు పేజీలూ వెతికింది. అభిప్రాయం లేదు, కారణమూ లేదు. రెండు వేసింది. మళ్ళీ మొదటినుంచి దిద్ది చూసినా రెండే వచ్చాయి. న్యాయంగా కొడితేనే దెబ్బ లోపలికి దిగుతుందని ఆమెకు తెలుసు.

ఫలితాలు చదివిన ఆదివారం కృపానందం లేచి నిలబడ్డాడు.

"టీనాకి రెండేటమ్మా? అంత తప్పు ఏటి రాసింది? చదువు, అందరూ వింటారు."

అతనే అడుగుతాడని ఆమె అనుకోలేదు. గొంతు మార్చకుండా, మెల్లగా, మొత్తం చదివింది.

"టీనా, ఇందులో నువ్వేం అనుకుంటున్నావో ఎక్కడుంది?"

ఆ పిల్ల తల వంచుకుంది. లవీనాకు జాలి కలగలేదని కాదు, ఆగేంత కలగలేదు.

"మాలూమ్ నహీ, దీదీ. తాతయ్య రాసిచ్చాడు, నేను కాపీ చేశాను. నన్నడిగితే హిందీలో పెట్టాలి. తాతయ్య చెప్పేది నాకు సగం సమఝ్ అవ్వదు."

వెనక బెంచీలు ముందు నవ్వాయి, తర్వాత మిగతావి. పాస్టరు గారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కృపానందం ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

ఆ నెలలోనే అతను సండే స్కూలు వదిలేశాడు. ఆఖరుసారి మిన్నీ బే స్టాపులో, ఆమె బస్సు కోసం నిలబడి ఉండగా ఎదురయ్యాడు.

"పసిదాన్ని అడ్డం పెట్టుకుని నా మీద కసి తీర్చుకున్నావు లవీనా."

"అడ్డం పెట్టింది మీరండి," అంది లవీనా. "ఆ రెండు మార్కులూ మీకే వేశాను. వచ్చే ఏడు మీ పేరు పెట్టే రాయండి. కారణం చూపిస్తే ఇంకో నాలుగు వేస్తాను."