మంగళగిరిలో మూతలేని కుండ

నాలుగు రోజులుగా విరేచనాలు. గుణదల మందుల షాపు మాత్రలు మింగీ మింగీ నాలుక చేదెక్కింది కానీ కడుపు కట్టలేదు. మా పక్కింటి శౌరిగారు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. పళ్లరసం బండ్ల దగ్గర పారేసిన తొక్కలు ఏరుకొచ్చి, ఎండబెట్టి, మందుకు పనికొచ్చే సరుకు వాటిలో ఏముందో తేల్చాలని చూస్తుంటారు. "దానిమ్మ తొక్కల కషాయంతో విరేచనాలు కడతాయని మంగళగిరి తిరుపతమ్మగారు అంటున్నారండీ. ఆమె దగ్గర తొక్కలు తెచ్చుకోవాలి, మీరూ రండి" అన్నారు. ఇంట్లోనే పోతానేమోనన్న భయంతో బయల్దేరాను.

ఉదయం ఎనిమిదిన్నరకు బెజవాడలో గుంటూరు బస్సెక్కితే మంగళగిరికి అరగంట, అప్పట్లో టికెట్టు అరవై పైసలు. బ్యారేజీ దాటేదాకా కడుపు బిగబట్టుకునే కూర్చున్నాను. లోపలి భయం బయటపడకుండా నాటకమాడుతూ, "ప్రాణం పోతోందండీ" అంటూ రెండుసార్లు శౌరిగారి భుజం మీద వాలిపోయాను. రెండోసారికి ఆయన కండక్టరుతో, "ఈయనకిది మామూలే, మీరు చిల్లరివ్వండి" అన్నారు.

తిరుపతమ్మగారిది మగ్గాల ఇల్లు. పెరట్లో చాపల నిండా దానిమ్మ తొక్కలు ఎండుతున్నాయి. వాటితోనే నూలుకు రంగు వేస్తారు, వాటితోనే కషాయం కాస్తారు. "కషాయం కుండలో ఉంది, గ్లాసు తెస్తానుండండి" అని ఆమె లోపలికి వెళ్లారు. శౌరిగారు తొక్కలు వాసన చూస్తున్నారు. ఉండమంటే ఉండే రకాన్ని కాను. గోడవార రెండు కుండలుంటే, మూతలేనిదాంట్లోంచి కొబ్బరిచిప్పతో ముంచి తాగేశాను.

రాగిచెంబు నాకినట్టయింది. గొంతులోంచి మంట దిగింది.

"శౌరిగారూ, నిజంగానే కాలుతోందండీ."

"ఆ ఆట బస్సులో అయిపోయిందిగా" అన్నారు తలెత్తకుండానే.

గ్లాసుతో వచ్చిన తిరుపతమ్మగారు నా చేతిలో చిప్ప చూసి ఆగిపోయారు. "ఏ కుండలోది ముంచారు బాబూ?"

"మూతలేనిది."

"అది రంగు కుండ. నిన్న మైలుతుత్తం కలిపాను."

తోటల్లో తెగుళ్లకు కొట్టే విషం నా పొట్టలో ఉంది. శౌరిగారి చేతిలో తొక్క జారిపోయింది. ఆమె చెంబెడు పాలు పట్టించారు. ఆస్పత్రికి వెళ్లే రిక్షాలో పచ్చగా కక్కాను.

"ఎంత తాగారు? వేషాలొద్దు, నిజం చెప్పండి" అన్నారు శౌరిగారు.

"సగం చిప్ప. మా అమ్మ మీద ఒట్టు."

ఆస్పత్రిలో గొట్టం వేసి కడుపు కడిగారు. "సాయంత్రం దాకా చూడాలి" అన్నారు డాక్టరు. అప్పటిదాకా శౌరిగారు నా మణికట్టు వదల్లేదు. నాడి చూస్తున్నారో, తనే భయపడుతున్నారో తెలియలేదు. పొద్దువాలాక గండం గడిచిందన్నారు. అప్పుడు తిరుపతమ్మగారు సీసాతో వచ్చారు. "ఇది అసలు కషాయం బాబూ. ముందు నేను తాగి చూపిస్తాను." చూపించారు కూడా. నా చెయ్యి మాత్రం సీసా దాకా వెళ్లలేదు.

శౌరిగారు వెతికే మందు ఆ తొక్కలో ఉందేమో, ఇప్పటికీ నాకు తెలియదు. అదే తొక్క ఒక కుండలో వైద్యం, పక్క కుండలో విషం. నేను విరేచనాలతో వెళ్లి విరేచనాలతోనే తిరిగొచ్చాను, అయినా బతికొచ్చాను. మీరు మంగళగిరి వెళ్తే మగ్గాలు చూడండి, చీరలు కొనుక్కోండి. తాగే నీళ్లు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి.