కస్తూరక్క కడిగిన గోడ

రాయగడలో కస్తూరక్క గుమ్మం తొక్కాలంటే ముందు కాళ్లు కడుక్కోవాలి. ఆమె కొట్టుకి ఎదురుగానే నా పుస్తకాల కొట్టు. ఓసారి చిల్లర కోసం హడావిడిగా చెప్పులతో లోపలికి వెళ్లిపోయాను. "తమ్ముడూ, ఈ అడుగులు నీవేనేటి?" అని చీపురు నా చేతికే ఇచ్చింది. వీధంతా చూస్తుండగా నా అడుగులు నేనే తుడుచుకున్నాను.

ఆమెది చింతపండు టోకు వ్యాపారం. భర్త రమణమూర్తి పోయాక తనే కాటా దగ్గర కూర్చుంది. కొట్టు వెనక మెట్లు దిగితే పల్లంలో గోదాము. అక్కడే కాటా, కాటా వెనక గోడకి ఆయన ఫోటో. చెమ్మ పట్టకుండా లామినేషన్ చేయించింది. పొద్దున్నే చీర చెంగుతో ఆయన మొహం తుడిచి, "ఇయ్యాల ఎండ కాసేలాగుంది, సరుకు ఆరబెడతాను" అని చెప్పిగానీ పని మొదలుపెట్టేది కాదు.

వరద బీమా కట్టడం ఆయన పెట్టిన అలవాటు. ఆయన పోయాక పాలసీ ఆమె పేరు మీదకి మార్చడానికి ఏజెంటు శ్రావణ్‌కుమార్ వచ్చి, "ఇక్కడికెప్పుడైనా నీళ్లొచ్చేయా పిన్నీ?" అని అడిగాడు. పెళ్లిచూపుల్లో పిల్లకి మూర్ఛలున్నాయా అని అడిగినట్టయింది ఆమెకి.

"మా గోదాములోకా? గోడ సూడు బాబూ, మరకుందేటి?"

లేదు. ఉంటే ఉండనిచ్చేదా?

పోయిన శ్రావణంలో నాగావళి పొంగి ఊళ్లోని పెద్దకాలువని వెనక్కి తన్నింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. పల్లంలో ఉన్న గోదాము మాత్రం తొట్టిలా నిండిపోయింది. నీళ్లు తీసేసరికి బస్తాల్లో చింతపండంతా కుళ్లు గుజ్జు. ఏడాది పెట్టుబడి అంతా అదే. బీమా సొమ్ము వస్తేనే మళ్లీ సరుకు కొనగలదు, లేకపోతే కొట్టు మూసుకోవాల్సిందే.

శ్రావణ్‌కుమార్ ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "సోమవారం సర్వేయరు గారొస్తారు పిన్నీ. అందాకా ఏటీ ముట్టుకోకు. బురదని బురదలాగే ఉండనీ."

"ఎల్లుండి శ్రావణ శుక్రవారం బాబూ! లచ్చిందేవిని బురదలో కూకోబెట్టమంటావేటి?"

సరుకున్న చోటే లక్ష్మి అని కాటా పక్కన దీపం పెట్టడం ఆ ఇంటి ఆచారం. శ్రావణ శుక్రవారం అది తప్పిన ఏడు లేదు. వీధి వీధంతా చీపుళ్లు పట్టుకుని దిగాం. కుళ్లిన బస్తాలు ట్రాక్టరెక్కి వెళ్లిపోయాయి. గోడలు కడిగాం, సున్నం కొట్టాం. నేనూ పని చేశానని మా ఆవిడకి రుజువు చూపించాలి కదా, ఫోన్లో ఓ ఫోటో కూడా దిగాను.

సోమవారం సర్వేయరు ప్రసన్న కుమార్ వచ్చాడు. కోరాపుట్‌లో పెరిగిన తెలుగువాడు. గుమ్మంలో ముగ్గు చూసి, అడక్కుండానే బూట్లు విప్పాడు. అక్క మొహం వెలిగింది.

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?"

"నిలువెత్తు వచ్చేయి బాబూ."

"మరక?"

"కడిగేసేను."

"పాడైన సరుకు?"

"పారబోసేను. కంపు కొట్టదేటి?"

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "వీధిలో మోకాలి లోతే అంటున్నారమ్మా. లోపల ఎంత లోతో తెలిస్తేగానీ ఎన్ని వరసల బస్తాలు మునిగాయో చెప్పలేను. ఒక్క గుర్తు చూపించండి చాలు."

"నా దగ్గర ఫోటో ఉందండీ!" అని గొప్పగా ఫోన్ తీశాను. అందులో చీపురు పట్టుకున్న నా పొట్ట, దాని వెనక ఎక్కడో తెల్లటి గోడ. ఆయన మర్యాదకి నవ్వలేదు. నవ్వేసినా బాగుండేది.

అప్పుడు చూశాను, కాటా వెనక మేకు ఖాళీగా ఉంది.

"అక్కా, బావ ఫోటో ఏదీ?"

అక్క తల దించుకుంది. "లోపల గుడ్డలో సుట్టి పెట్టేను. మెడదాకా బురదుంది తమ్ముడూ. తుడవబోతే సెయ్యి రాలేదు. నీళ్లొచ్చిన రాత్రి నేను డాబా మీదున్నాను. ఆయనొక్కడే కింద ఉండిపోయేడు."

ప్రసన్న కుమార్ దిగ్గున లేచాడు. "అది చాలమ్మా! తీసుకురండి." టేపు తీసి, మేకు ఎంతెత్తులో ఉందో కొలవడం మొదలుపెట్టాడు.

అక్క లోపలికెళ్లి ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు ఫోటోని రెండు చేతులా పట్టుకుని వచ్చింది. రమణమూర్తి మొహం తళతళలాడుతోంది. ఆమె చీర చెంగు నిండా బురద.

"అక్కా, తుడిచేశావా?"

"కొత్త మనిసి ముందుకి ఆయన్ని ఆ బురదతో ఎలా తెత్తానురా?" అంది. అనేశాక తన చెంగు వంక చూసుకుంది. ఫోటోని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ప్రసన్న కుమార్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

వీధిలో మోకాలి లోతు లెక్కనే బీమా అడుగు వరస బస్తాలకి మాత్రం వచ్చింది. ఈ ఏడు చింతపండు దిగే వేళకి కస్తూరక్క కొట్టు తెరవలేదు. గోదాము సిమెంటు వ్యాపారికి అద్దెకిచ్చింది. అతని తరఫున బీమా మనిషి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఇక్కడికెప్పుడైనా నీళ్లొచ్చాయామ్మా?"

అక్క గోడ వంక చూసింది. తెల్లగా ఉంది. మేకు ఒక్కటే మిగిలింది. మునివేళ్ల మీద లేచి, మేకుకి కాస్త కిందగా చెయ్యి ఆనించింది.

"మా ఆయన మెడదాకా వచ్చేయి బాబూ."