నీళ్ళలో కూడా పనిచేసే ఈల

ఆదివారం మధ్యాహ్నాలు జగ్గయ్యపేటలో మా మేడ మీద గదిలో నలుగురం ఒక ఆట ఆడేవాళ్ళం. బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్రగా ఆ కథలోకి దిగి ఏం చేయదలుచుకున్నారో చెబుతారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. రాజ్యాలు, గుహలు, మంత్రగాళ్ళు ఉండే లోకం అది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు నేర్చుకొచ్చాను కాబట్టి కథ నడిపేది నేనే. మిగతా రోజుల్లో నందిగామలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను.

ఆ లోకంలో మంత్రశక్తి ఉన్న వస్తువులు అమ్ముతారు. మామూలువాటికి ఆట పుస్తకంలోనే ధర ఉంటుంది. ఎవరైనా సొంతంగా ఊహించుకున్న వస్తువు కావాలంటే మాత్రం కథ నడిపేవాడే ధర కట్టాలి. దానికి దగ్గరగా ఉన్న మంత్రం ఏది, రోజుకు ఎన్నిసార్లు వాడొచ్చు, ఎక్కడ పనిచేయదు, ఇవన్నీ చూసి బంగారు నాణేల్లో లెక్క తేల్చాలి. నాకు ఇష్టమైన పని అది. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రపెన్నుతోనే చేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే చేసేవాణ్ణి.

ఆడేవాళ్ళలో ఇద్దరు భార్యాభర్తలు. భర్త సర్వేయరు, నా చిన్ననాటి స్నేహితుడు. మూడో అతను సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్ళు. ఆటలో అతనిది వేగు పాత్ర, అందరికన్నా ముందు వెళ్ళి దారి చూసి రావడం అతని పని. ఒక ఆదివారం నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. పేజీలో ఈల బొమ్మ గీసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు. రోజుకు ఒకసారి ఊదొచ్చు. ఊదినవాడు ఎవరిని తలుచుకుంటే వాళ్ళకి, ఎంత దూరంలో ఉన్నా, అతని మాట వినబడుతుంది. ఆ ఒక్కరికే, పక్కనున్నవాళ్ళకు కూడా వినబడదు. నీళ్ళలో ఉన్నా పనిచేస్తుంది.

"ఎంతవుద్ది మాస్టారూ?"

"నాలుగు వేలు. నీళ్ళలో కూడా అంటే ఎనిమిది."

"అదేంటండీ, ఒక్క ముక్కకి రెట్టింపా?"

"నీళ్ళలో నోరు తెరవడమే కుదరదయ్యా. అక్కడ మాట పలికించాలంటే ఇంకో మంత్రం కలపాలి. ఊరికే వస్తదా?"

వేగు దగ్గర నాలుగు వేల చిల్లర ఉంది, అంతే. కాసేపు బేరమాడాడు. నేను దిగలేదు. సర్వేయరు నవ్వి, "తీసేయరా, నీ వేగు నీళ్ళలోకి ఎప్పుడు దిగాడు గనక" అన్నాడు. అతనూ నవ్వేసి చివరి వాక్యాన్ని కొట్టేశాడు. నేను దాని పక్కన ఎర్రసిరాతో 'నీళ్ళలో అయితే రెట్టింపు' అని రాసి, కింద నాలుగు వేలు వేసి సంతకం పెట్టాను. వేగు ఆ డబ్బు కట్టి ఈల తీసుకున్నాడు.

మూడు వారాల తర్వాత, తోటి ఉద్యోగి ఇంట్లో భోజనాలకని అతను చెవిటికల్లు వెళ్ళాడు. పట్టపగలు, నలుగురైదుగురు కలిసి కృష్ణలో స్నానానికి దిగారు. అడుగున గుంట ఉందని ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళు మాటల్లో ఉన్నారు, చూసుకునేసరికి అతను లేడు. కేక వేసినట్టు కూడా ఎవరికీ వినబడలేదట.

నెల దాటాక అతని అక్క కాలేజీకి వచ్చింది. నందిగామ కోర్టులో టైపిస్టు. అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశాను, అంతే. స్టాఫ్‌రూమ్‌లో నా ఎదుట కూర్చుని ఆ నోటుబుక్కు తెరిచింది.

"ఈ ఎర్రసిరా మీదేనాండి?"

"అవునండి."

"ఈ లైను ఎందుకు కొట్టేశాడు?"

"ఆటలో మార్చుకుంటూ ఉంటామండి. ప్రత్యేకంగా ఏం లేదు" అన్నాను.

ఆమె నోటుబుక్కు మూసుకుని వెళ్ళిపోయింది.

ఆ అబద్ధం చెప్పిన దగ్గర్నుంచి ఈల నన్ను వదల్లేదు. జగ్గయ్యపేట బస్సులో కండక్టర్ ఈల వేస్తే ఉలిక్కిపడేవాణ్ణి. పక్కింట్లో కుక్కర్ కూసినా అంతే. ఒకరోజు క్లాసులో, శబ్దం గాలిలో కన్నా నీళ్ళలో వేగంగా పోతుందని బోర్డు మీద రాశాను. ఏటా రాసే వాక్యమే. రాశాక వెనక్కి తిరగలేకపోయాను. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటున్న చప్పుడు వింటూ బోర్డు వైపే నిలబడ్డాను.

ఆ సాయంత్రం కోర్టు దగ్గరికి వెళ్ళాను. గేటు ఎదుట టీ కొట్టు దగ్గర ఆమెతో బేరం సంగతి అంతా చెప్పాను, నేను దిగకపోవడం, మేం నవ్వడం, అంతా.

"మీరు తగ్గించి ఉంటే మా తమ్ముడు బతికేవాడాండి?"

"లేదండి."

"తెలుసుగా మరి. ఎందుకు భయం?"

"అతను అడిగాడండి. నేను కుదరదన్నా."

ఆమె ఏడవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆదివారం వస్తా" అంది.

వచ్చింది. తమ్ముడి కుర్చీలో కూర్చుని తమ్ముడి వేగుని తీసుకుంది. ఈల కింద నీళ్ళ మాట మీద కొట్టేసిన గీత తీసేయించాలంది. నేను వెంటనే ఎర్రపెన్ను తీశాను. "ఉత్తినే రాసిచ్చేస్తానండి."

"వద్దు. మీరు ధర చెప్పారు, వాడు ఒప్పుకున్నాడు. మిగతా నాలుగు వేలు నేను తెస్తా."

ఆట ఆమెకు రాదు. మొదట్లో ఏ పాచిక వేయాలో సర్వేయరు భార్య చెప్పాల్సి వచ్చేది. అయినా ఒక్క ఆదివారం మానలేదు. దారిలో దొరికిన నాణేలన్నీ నోటుబుక్కులో తమ్ముడి అక్షరాల కింద రాసుకునేది. మేం మా వాటా ఇస్తామంటే కోప్పడింది. ఆరు నెలలు పట్టింది. ఆ రోజు కథలో అంగడికి వెళ్ళి డబ్బు కట్టింది. అతను కొట్టేసిన వాక్యాన్ని నేను కింద మళ్ళీ రాశాను. సర్వేయరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇప్పుడే ఊదుతున్నా" అందామె. "వేగు నదిలో ఉన్నాడు."

"ఎవరిని తలుచుకుంటున్నాడు?" అని అడగడం నా పని. అడిగాను.

"వాళ్ళక్కని."

తర్వాత నేనే ఏదో చెప్పాలి. కథ నడిపేవాణ్ణి కదా. నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. తల కొంచెం వంచి, కళ్ళు మూసుకుని కూర్చుంది. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి. కళ్ళు తెరిచాక సర్వేయరు భార్య మెల్లగా అడిగింది.

"ఏమన్నాడు వదినా?"

"ఒక్కరికే వినబడుద్ది కదమ్మా" అంది.

మంచినీళ్ళు తాగి, నోటుబుక్కు చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత ఆటకి రాలేదు.

మేం ముగ్గురం అప్పుడప్పుడూ ఇంకా ఆడుతున్నాం. వస్తువులకు ధర ఇప్పుడు సర్వేయరు కడుతున్నాడు, అదీ అందరికీ తక్కువే. ఆమె నందిగామ బస్టాండులో కనిపిస్తూ ఉంటుంది. బస్సులు ఆలస్యమని, ఎండలని మాట్లాడుకుంటాం. ఆ రోజు ఏం విన్నదో అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. ఒక్కోసారి మాట మధ్యలో ఆమె ఆగి, ఎవరో పిలిచినట్టు తల పక్కకి తిప్పుతుంది. నేనూ ఆగిపోతాను. ఎవరూ ఉండరు. కాసేపటికి ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకుని, మళ్ళీ బస్సుల గురించే మొదలుపెడతాం.